ఖాళీ పూల్‌లో పిల్ల గొంతు

చీకటి పడ్డాక ఆ వెనక పూల్ దగ్గరికి ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు. జీతం రెట్టింపు చేస్తామన్నా వెళ్ళేవాళ్ళు కాదు.

టెక్సాస్‌లో, కార్పస్ క్రిస్టీకి కాస్త అవతల, సముద్రం ఒడ్డున ఒక పాత మెరైన్ పార్క్ ఉండేది. పేరు అడక్కండి, అదెప్పుడో మూతపడింది. ముందువైపు పెద్ద స్టేడియం, చెవులు పగిలే మ్యూజిక్, పాప్‌కార్న్ వాసన, ఎగిరి జనం మీద నీళ్ళు చిమ్మే తిమింగలం. తిరనాళ్ళే అనుకోండి. వెనకవైపు ఒక చిన్న పూల్. అందులో చేపపిల్ల కూడా లేదు. అయినా రాత్రయితే అందులోంచి ఒక పిల్ల గొంతు వినిపిస్తుందని చెప్పుకునేవాళ్ళు.

హెక్టర్ అని నైట్ గార్డ్ ఒకడుండేవాడు. దున్నపోతు లాంటి మనిషి. ఒక రాత్రి టార్చ్ అక్కడే పడేసి గేటు దాకా పరుగెత్తుకొచ్చాడు. మర్నాడు డ్యూటీకి రాలేదు. ఆఖరి జీతం చెక్కు పోస్టులో పంపమన్నాడు.

ఇదంతా నాకు ఇంద్రజ చెప్పింది. దెయ్యం మాటెత్తితే కిసుక్కున నవ్వే మనిషి ఇంద్రజ. 2009లో ఆ దగ్గర్లోనే కింగ్స్‌విల్‌లో ఎమ్మెస్ చేస్తుండేది. మొగుడు రవిశంకర్ ఎక్కడో దూరంగా ప్లేనోలో, ఇవాళ ఉంటుందో రేపు ఊడుతుందో తెలియని ఉద్యోగంలో. ఇక పాప దేదీప్య... గుడివాడలో, అత్తగారి దగ్గర. ఎనిమిది నెలల పిల్లప్పుడు పంపించేశారు.

మనవాళ్ళలో ఇదేం కొత్త కాదుగా. ఎయిర్‌పోర్టులో పిల్లని అత్తగారి చేతికిచ్చి, బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చి, ముఖం కడుక్కుని రావడం ఎంతమంది చెయ్యలేదు? "ఒక్క ఏడాదేగా" అంటారు. "పసిదానికేం తెలుస్తుంది, అలవాటు పడిపోతుంది" అంటారు. ఆ ఏడాది కాస్తా రెండేళ్ళు కావచ్చింది. ఈ సమ్మర్‌కి తెచ్చేసుకుందామని ఇంద్రజ, నీకూ జాబ్ వచ్చాక చూద్దామని రవిశంకర్. రోజూ ఫోన్‌లో ఇదే రభస.

ఇంద్రజ ప్రొఫెసర్ దగ్గర నీళ్ళలోకి దించే మైకులుండేవి. పార్క్ వాళ్ళు ఆయన్ని బతిమాలారు. పంపు మోతో, పైపులో గాలో, అదేమిటో తేల్చి పెట్టండి, మా స్టాఫ్ పారిపోతున్నారు అని. ఆయన ఇంద్రజని పంపించాడు.

అక్కడ తిమింగలాలని చూసుకునే ఆవిడ మార్గీ. యాభై దాటిన మనిషి. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, కళ్ళ కింద నల్లటి గుంటలు. ఇంద్రజని తీసుకెళ్ళి వెనక పూల్ చూపించింది. దాని పక్కనే పెద్ద పూల్. రెండింటికీ మధ్య ఇనుప చువ్వల గేటు. పెద్ద పూల్‌లో డెల్లా. నలుపు తెలుపు తిమింగలం, ఓర్కా అంటారే, అది. నీళ్ళలో కదలకుండా తేలుతోంది.

"దీనికో కొడుకు, పిప్ అని," అంది మార్గీ. "వాణ్ణి ఈ చిన్న పూల్‌లోకి మళ్ళించి, గేటు వేసేసి, రాత్రికి రాత్రి క్రేన్‌తో ఎత్తి ట్రక్కులో పెట్టారు. ఎక్కడో ఉత్తరాన ఇంకో పార్క్‌కి. అప్పట్నుంచి ఇది తిండి సరిగ్గా ముట్టట్లేదు. చేప నోట్లో పెడితే పట్టుకుంటుంది... మళ్ళీ వదిలేస్తుంది."

"మరి ఆ శబ్దం?"

మార్గీ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "పిప్ దారిలోనే చచ్చిపోయాడని, మా దగ్గర దాచారని స్టాఫంతా అనుకుంటున్నారు. అందుకే నేనే ఆ పార్క్‌కి ఫోన్ చేశాను. బతికే ఉన్నాడు. అయినా ఆ గొంతు వాడిదే. పుట్టినప్పట్నుంచీ విన్నాను, నేను పొరబడను."

బతికున్నవాడు దెయ్యం ఎలా అవుతాడు? ఇంద్రజకి మొదటిసారి నవ్వు రాలేదు.

"అదేమిటో నువ్వు తేల్చు," అంది మార్గీ. "ఇదంతా వాడు లేకనేనని ఋజువు ఒక్కటి చేతికిస్తే ఆఫీసు వాళ్ళ కాళ్ళు పట్టుకునైనా వాణ్ణి వెనక్కి రప్పిస్తా. లేకపోతే ఇది బతకదు."

ఆ రాత్రి ఇంద్రజ ఒక్కతే కూర్చుంది. మార్గీ ఉంటానంది గానీ, మనుషుల అలికిడి ఉంటే ఆ గొంతు రాదని తనే మళ్ళీ వెళ్ళిపోయింది.

ఉక్కపోత. సముద్రం మీంచి ఉప్పుగాలి. ఎక్కడో పంపు గుర్రుమంటోంది. మైకు వెనక పూల్‌లోకి దించి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది.

ఏమీ లేదు... పంపు మోత, అంతే. చాలాసేపు అంతే. "పిచ్చి జనం" అనుకుని కాస్త వెనక్కి వాలింది.

అప్పుడొచ్చింది.

సన్నగా... పైకి లేచి, చివర్లో విరిగిపోయే ఒక కూత. ఒక్కసారి. మళ్ళీ నిశ్శబ్దం.

ఇంద్రజ హెడ్‌ఫోన్స్ చెవులకి అదుముకుంది. మళ్ళీ వచ్చింది. ఈసారి దగ్గరగా — తన కాళ్ళ కిందే అన్నట్టు. టార్చ్ వేసి చూసింది. అడుగు దాకా కనిపిస్తున్నాయి నీళ్ళు. నీలం రంగు వేసిన సిమెంటు. ఇంకేమీ లేదు.

ఏమీ లేని నీళ్ళలోంచి పిల్ల పిలుస్తోంది.

లేచి పారిపోదామనుకుంది. ఆంజనేయ దండకం మొదలుపెడితే రెండో వాక్యం గుర్తురాలేదు. ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే ఎందుకో కోపం కూడా వచ్చింది. పిల్లేగా! ఎవరి పిల్లయితేనేం, అలా పిలుస్తుంటే వదిలేసి పారిపోతానా అనుకుంది.

అప్పుడు తట్టింది. నీళ్ళలో ఒక్క మైకుంటే శబ్దం ఎటునుంచి వస్తోందో తెలియదు. రెండోది ఉండాలి. బ్యాగులోంచి ఇంకో మైకు తీసి, గోడ పట్టుకుని నడుస్తూ వెళ్ళి, గేటు అవతల పెద్ద పూల్‌లోకి వదిలింది.

ముందొక లావాటి కూత. బరువుగా, సాగదీస్తూ, ఇంతసేపూ పంపు మోతలో కలిసిపోయి వినపడనిది. అది డెల్లాది. తర్వాత కాసేపు నిశ్శబ్దం, ఎవరో పలుకుతారని ఆగినట్టు. ఆ తర్వాత సన్న గొంతు.

సన్న గొంతు గేటు ఇవతలి మైకులో లీలగా ఉంది. అవతలి దాంట్లో గట్టిగా ఉంది.

ఇంద్రజ నేల మీద బోర్లా పడుకుని టార్చ్ నీళ్ళ మీదికి వంచింది. డెల్లా అక్కడే ఉంది. నుదురు ఇనుప చువ్వలకి ఆనించి, ఖాళీ పూల్ వైపు చూస్తూ. పెద్ద గొంతుతో పిలిచింది. ఆగింది. ఎవరూ పలకలేదు.

అప్పుడు తనే... పిల్ల గొంతుతో... పలికింది.

పలికి, గేటు వదిలి వెనక్కి తిరిగి, గోడ పక్కన ఒక పిల్ల పట్టేంత చోటు వదిలి ఈదడం మొదలుపెట్టింది. మూల తిరిగేటప్పుడు మెల్లగా తిరుగుతోంది. పక్కనున్నది గోడకి కొట్టుకోకుండా.

దెయ్యం లేదు. దెయ్యమే ఉంటే బాగుండేది, అంది ఇంద్రజ నాతో.

పొద్దున ఆఫీసులో ఇంద్రజ రికార్డింగ్ వినిపించి, చూసినదంతా చెప్పింది. మార్గీ రెండు చేతుల్తో ముఖం కప్పేసుకుంది. మేనేజర్ కుర్చీలో వెనక్కి వాలి హాయిగా నిట్టూర్చాడు.

"అయితే దెయ్యం లేదన్నమాట. నైట్ స్టాఫ్‌కి చెప్పేద్దాం."

"పిప్‌ని తీసుకురండి," అంది మార్గీ. "ఇంకేం ఋజువు కావాలి మీకు? దయచేసి తీసుకురండి."

"అక్కడ వాడికి సెట్ అయిపోయింది మార్గీ. దీనికీ అంతే. తనకి తనే తోడు తెచ్చుకుంటోందిగా, మంచిదే. కొన్నాళ్ళకి అలవాటు పడిపోతుంది."

మార్గీ ఇంద్రజ వైపు తిరిగింది. నువ్వైనా చెప్పు అన్నట్టు. ఇంద్రజ తల వంచుకుని మైకు వైరు చుట్టడం మొదలుపెట్టింది. అలవాటు పడిపోతుందన్న మాట రెండేళ్ళుగా తను అందరికీ చెబుతున్నదే. ఇంకొకరి నోట అది ఎంత దుర్మార్గంగా ఉంటుందో అప్పుడే వింది.

పిప్‌ని తేలేదు. డెల్లా ఆ చలికాలం దాటలేదు. అవన్నీ తర్వాతి సంగతులు. ఆ పొద్దున ఇంకొకటి జరిగింది, అది చెప్పాలి.

ఇంద్రజ పార్కింగ్‌లోకొచ్చి కార్‌లో కూర్చుని గుడివాడకి ఫోన్ చేసింది. అక్కడ రాత్రి.

"అత్తయ్యా, పాప నిద్రపోయిందా?"

"ఎక్కడమ్మా, మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకుంది. దాని కబుర్లు దానివి." కనకదుర్గ గారు నవ్వారు. "ఈ మధ్య కొత్త ఆట ఒకటి నేర్చింది. నిద్ర పట్టేదాకా అదే. నీకు చెబుదామనుకుంటూనే మర్చిపోతున్నా."

"ఏం ఆట?"

"నువ్వే విను. మాట్లాడకు, ఎవరైనా వింటున్నారని తెలిస్తే ఆపేస్తుంది."

ఫోన్ మంచం దగ్గరికి వెళ్ళింది. ఫ్యాన్ చప్పుడు. వీధిలో కుక్క అరుపు. తర్వాత —

"అమ్మా..."

సన్నగా, మెల్లగా. ఇంద్రజకి నోటిదాకా వచ్చింది మాట. చెయ్యి అడ్డం పెట్టుకుని ఆపుకుంది.

అటువైపు నిశ్శబ్దం. ఎవరో పలుకుతారని ఆగినట్టు.

"ఆఁ... వచ్చేస్తున్నా తల్లీ... రేపే వచ్చేస్తున్నా..."

రోజూ ఫోన్ పెట్టేసే ముందు ఇంద్రజ చెప్పే మాటే. అదే సాగదీత, అదే తడబాటు. అచ్చం ఇంద్రజ గొంతే.

ఇంద్రజ నోటి మీద చెయ్యి అలాగే ఉంది.