చెంబెడు సముద్రం

పందొమ్మిది వందల ముప్పైనాలుగో సంవత్సరం, తమిళ చిత్తిరై నెల ఆఖరి వారం, నడివేసవి. పత్తి ఏరడం అయిపోయింది. కోవిల్పట్టికి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న ఆ పల్లెలో నల్లరేగడి చేలన్నీ నెర్రెలిచ్చి పడున్నాయి. వీరమ్మాళ్ వసారాలో కవ్వపుతాడు లాగుతూ మజ్జిగ చిలుకుతోంది. ఎదురుగా ఆమె మొగుడు పెరుమాళ్సామీ, విరుదునగర్ నుంచి పెళ్ళాంబిడ్డలతో నిన్ననే దిగిన మరిది గోపాలకృష్ణనూ పొద్దున్నే మొదలుపెట్టేశారు. ఏటా వేసవిలో సముద్రస్నానానికి వెళ్ళడం ఆ ఇంటి అలవాటు. ఈ ఏడు ఏ సముద్రానికి పోవాలన్నదే వాదం.

"తిరుచెందూరే. దాంట్లో మాటే లేదు," అన్నాడు పెరుమాళ్సామి.

"ఏటేటా అదేనా అన్నా? ఈ తూరి తూత్తుకుడి పోదాము. ఓడలుండాయి. మణియాచ్చిలో రైలు మారితే పొద్దు గూకేలోపల చేరిపోతాము."

"ఓడలు చూసి ఏమి చేస్తావు? ఒకటి కొనుక్కొస్తావా?"

"తిరుచెందూరులో నువ్వేమి కొంటివి? అదే తాటికలకండ!"

పెరుమాళ్సామి పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఊరంతటికీ తెలుసు. తమ్ముడు మాత్రం పత్తి కంపెనీలో గుమాస్తా అయినప్పటినుంచీ నాలుగో కాలు లెక్కపెట్టడం నేర్చుకున్నాడు. వీరమ్మాళ్ ఇద్దరికీ చెరో లోటా మజ్జిగ పోసి లోపలికి వచ్చేసింది. ఏ సముద్రమైతే ఆమెకేం? ఆమె వెళ్ళేదుందా?

కాపురానికి వచ్చిన ఏడు కడుపుతో ఉందని ఇంట్లో ఉంచారు. మరుసటేడు చంటిబిడ్డ. ఆ తర్వాత గేదె ఈనింది. ఆ పైన, ఇంట్లో పత్తి కుప్ప ఉంది, ఎవరో ఒకరు ఉండాలన్నారు. పొద్దుగూకితే దీపం పెట్టే ఆడచెయ్యి కావాలన్నారు. అలా ఇరవైరెండు వేసవులు గడిచాయి. ఆమె కూతురు ఏటేటా సముద్రంలో ఆడి, పెరిగి, అరుప్పుకోట్టైకి కాపురానికి కూడా వెళ్ళిపోయింది. వీరమ్మాళ్‌కి మాత్రం ఆనవాయితీగా ఒక చెంబు నీళ్ళు తెచ్చేవారు. ఇంట్లో ఉండిపోయినవాళ్ళకి ఆ నీళ్ళు నెత్తిన పోస్తే సముద్రస్నానం చేసినంత పుణ్యమట. ఆమె కళ్ళు మూసుకొని పోయించుకొనేది. పెదవి మీద పడిన చుక్కను నాలుకతో అద్దుకొనేది. ఉప్పగా ఉండేది. ఆమె ఎరిగిన సముద్రం అంతే.

మధ్యాహ్నం అత్తగారు బొమ్మక్కకు తలనూనె రాస్తుంటే, ముసలావిడ ఉన్నట్టుండి అంది.

"నాకు తూత్తుకుడి కడలు చూడాలని ఉండాదే, వీరా."

"కడలు కడలే కదత్తా. తిరుచెందూరులో లేనిది అక్కడేముండాది?"

"మా అబ్బ ఉండాడు," అంది బొమ్మక్క, తండ్రిని తలుచుకొని. "అప్పట్లో రైలు లేదు. పత్తి బండి కట్టుకొని మూడు దినాలు పోయేవాళ్ళు. నాకు ఏడేండ్లు. మూటల పైన కూర్చోబెట్టి పిలుచుకొని పోయినాడు. ఒడ్డున దించి, బుజానికెత్తుకొని, 'చూడు బొమ్మా, గట్టు లేని చేను' అన్నాడు. ఆ ఏడే వాంతిబేదిలో పోయినాడు. మొగం కూడ మరిచిపోతిని. ఆ మాటొకటి మిగిలింది." ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆ కళ్ళలో పొర వచ్చి రెండేళ్ళయింది. "ఇంకొక ఏడైతే ఈ చూపు కూడ ఉండదు."

"ఆయనతో చెప్పండత్తా!"

"చెప్తే చిన్నోడి పక్క చేరినానని పెద్దోడు మూతి ముడుస్తాడు. ఇద్దరి నడుమ నా బతుకు అడకత్తెరలో పోకచెక్క. వద్దులే. ఎవురితోనూ అనొద్దు."

సాయంత్రానికి వాదం ముదిరింది. తిరుచెందూరైతే తాను రానని తమ్ముడూ, తూత్తుకుడైతే బండే కట్టనని అన్నగారూ భీష్మించారు. చివరికి పెరుమాళ్సామి అన్నాడు. "నువ్వూ వద్దు, నేనూ వద్దు. సామినే అడుగుదాము. పువ్వు వేసి చూద్దాము."

ఆ ఇంట పెళ్ళిసంబంధమైనా, బావి తవ్వడమైనా పువ్వు వేసి అడగందే జరగదు. తెల్ల గన్నేరు ఒక ఆకులో, ఎర్ర గన్నేరు ఒక ఆకులో పొట్లం కట్టి పెరుమాళ్ దేవుడి పటం ముందు పెడతారు. చిన్నపిల్ల చేత ఒకటి తీయిస్తారు. రెండో పొట్లం విప్పకుండా తులసి మొదట్లో వేస్తారు. పొట్లాలు కట్టడం పెద్దకోడలి పని.

"తెలుపు తిరుచెందూరు. ఎరుపు తూత్తుకుడి," అని ఖాయం చేశాడు పెరుమాళ్సామి.

మర్నాడు తెల్లవారుజామున వీరమ్మాళ్ తలస్నానం చేసి పెరట్లోకి వెళ్ళింది. ఎర్రపువ్వు కోసింది. తెల్లపువ్వు వైపు చాచిన చెయ్యి మధ్యలో ఆగిపోయింది. తప్పని తెలుసు. సామి చూస్తున్నాడనీ తెలుసు. ఇంకో ఎర్రపువ్వే కోసి, రెండూ గంగరావి ఆకుల్లో చుట్టి, నారతో ముడివేసింది.

గోపాలకృష్ణన్ కూతురు, ఆరేళ్ళ పుష్పం, కళ్ళు గట్టిగా మూసుకొని ఒక పొట్లం తీసింది. పెరుమాళ్సామి విప్పి చూశాడు. ఎరుపు.

"సామి మాట. తూత్తుకుడే," అన్నాడు, ముఖం మాడ్చుకొని. తమ్ముడు నవ్వు దాచుకోలేకపోయాడు. బొమ్మక్క పైట చెరగుతో కళ్ళొత్తుకుంటూ వసారాలోకి వెళ్ళింది. అది చూసి వీరమ్మాళ్ గుండె నిండిపోయింది. ఇక ఏ పాపమైనా రానీ అనుకుంది.

పాపం రావడానికి ఎంతోసేపు పట్టలేదు. తలలో పెట్టుకోవడానికి తెల్లపువ్వు కావాలని పుష్పం తులసి మొదట్లోంచి రెండో పొట్లం తీసి విప్పేసింది.

"పెద్దమ్మా! దీంట్లో కూడ ఎర్రదే!"

పెరుమాళ్సామి పిల్ల చేతిలోని పువ్వును చూశాడు. పెళ్ళాన్ని చూశాడు.

"నువ్వేనా కట్టింది?"

వీరమ్మాళ్ తల వంచుకుంది.

"దేవుడి ముందర మోసమా! ఈ ఇంటి పెద్దకోడలు చేసే పనా ఇది? మరిదితో కూడబలుక్కొన్నావా?"

"అన్నా, సత్తెంగా నాకు తెలీదు," అన్నాడు గోపాలకృష్ణన్, బిక్కచచ్చిపోయి.

"అయితే ఏంటికి చేసినావే? తూత్తుకుడి మీద నీకేమింత మోజు? నువ్వు పోయేదే లేదే!"

ఆ మాట అతని నోట మామూలుగానే వచ్చింది. గేదెకి కుడితి పెట్టావా అన్నంత మామూలుగా. వీరమ్మాళ్ కళ్ళలోంచి నీళ్ళు జలజలా రాలాయి. ఎవరితోనూ అనొద్దన్న అత్తగారి మాట దాటకూడదని పెదవి మాత్రం విప్పలేదు.

బొమ్మక్క గోడ పట్టుకొని లేచి వచ్చింది.

"దాన్నేమీ అనొద్దురా. అది నాకోసం చేసింది. నేనే నోరు జారి, మా అబ్బ చూపించిన కడలు చూడాలని దానితో అన్నాను. నీకు బయపడి నీతో అనలేదు." కొడుకు ముఖంలోకి చూస్తూ అంది. "నీకోసం నువ్వడిగినావు. చిన్నోడు వాడికోసం అడిగినాడు. నాకోసం ఇది దొంగతనం చేసింది. ఇరవైరెండేండ్లలో దీనికోసం ఎవురైనా ఒక పువ్వు వేసినారా? ఏటేటా నేనూ బండెక్కి కూర్చొనే పోయినాను. వెనక్కి తిరిగి చూడలేదు. నా తప్పూ ఉండాది."

పెరుమాళ్సామి కొట్టంలోకి వెళ్ళిపోయాడు. చాలాసేపు గేదె వీపు నిమురుతూ నిలబడ్డాడు. తిరిగి వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా అన్నాడు.

"తూత్తుకుడికే పోండి. ఈ ఏడు ఇంట్లో నేనుంటాను."

"దీపమెవరు పెడతారు?" అంది వీరమ్మాళ్, ఏడుపు మధ్యలోనే.

"నేనే. మగచెయ్యని తెలిస్తే వత్తి అంటుకోదా? నీ తప్పు మన్నించమని సామితో కూడ నేనే చెప్పుకొంటాను. పో, మూట కట్టుకో."

తూత్తుకుడి ఒడ్డున వీరమ్మాళ్ మొదట భయపడింది. చెంబులో కదలకుండా ఉన్న నీళ్ళే ఆమెకు తెలుసు. ఇది కదులుతోంది, అరుస్తోంది, కాళ్ళ కింద ఇసుకను లాగేస్తోంది. అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నాకు మసక మసకగా ఉండాదే. ఎట్లుండాది, చెప్పు," అంది బొమ్మక్క.

వీరమ్మాళ్ కళ్ళెత్తి ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూసింది.

"మీ అబ్బ చెప్పినట్టే ఉండాదత్తా. ఎక్కడా గట్టు లేదు."

ముసలావిడ నీళ్ళ వైపు తిరిగి, "అబ్బా" అని ఒక్కసారి పిలిచింది. మోకాలి లోతు నీళ్ళలో అత్తాకోడళ్ళిద్దరూ ఒకరినొకరు పట్టుకొని, చిన్నపిల్లల్లా ఏడ్చారు.

నాలుగో రోజు ఇల్లు చేరేసరికి పెరుమాళ్సామి గుమ్మంలోనే ఎదురయ్యాడు. చెయ్యి కాలి బొబ్బ కట్టింది. సజ్జ సంకటి మాడిన వాసన వాకిటిదాకా వస్తోంది. పటం ముందు దీపం మాత్రం వెలుగుతోంది.

"మూడుసార్లు ఆరిపోయింది. నాలుగోసారి నిలిచింది," అన్నాడు, నేరం ఒప్పుకుంటున్నవాడిలా. "పొద్దు గూకితే ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందా?"

వీరమ్మాళ్ అతన్ని పెరట్లో రోలు మీద కూర్చోబెట్టి, మూటలోంచి చెంబు తీసింది. అరిటాకుతో మూతి కట్టి, ఒళ్ళో పెట్టుకొని తెచ్చిన చెంబు. నెత్తిన పోసింది. నీళ్ళు ముఖం మీదుగా జారాయి. అతను పెదవి తడుముకున్నాడు. ఇంకా వస్తాయేమోనని కళ్ళు మూసుకొని ఎదురుచూశాడు. తర్వాత కళ్ళు తెరిచాడు.

"ఇంతేనా?"

"ఇంతే."

"ఇరవైరెండేండ్లుగా నీకు మేము తెచ్చింది ఇంతేనా, వీరా?"

ఆమె తలూపింది. అతను రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. పెళ్ళయినప్పటినుంచీ ఆ మనిషి ఏడవడం ఆమె చూడలేదు. కాసేపటికి ముక్కు చీదుకొని అన్నాడు.

"వచ్చే ఏడు గేదెల్ని పక్కవీధి ఇరుళప్పన్ ఇంట్లో కట్టేద్దాము. ఇంటికి బీగం వేద్దాము. పువ్వు వద్దు, ఏమీ వద్దు. ఏ కడలికి పోవాలనో నువ్వు చెప్పు."

వీరమ్మాళ్‌కి ఈ ప్రశ్న కొత్త. ఆమెనెవరూ ఎప్పుడూ అడగలేదు మరి. పైట చెరగుతో అతని ముఖం తుడవబోయి, చెంబులోకి చూసుకుంది.

"అది నిదానంగా చెప్తాను," అంది. "ఇంకా రవంత ఉండాయి. తల వంచండి."