నత్తివాడి ఆఖరి మాట

లాండ్రీ గుమస్తా చనిపోయే ముందు "ఏ... ఏ... ఏ... ఏ..." అన్నాడు. భయానికి నత్తి పట్టుకుందనుకున్నాడు ఏజెంట్. సైలెన్సర్ తుడుచుకుని ఇస్త్రీ చొక్కాల మధ్యనుంచి బయటికి నడిచాడు.

పైనుంచి ఆజ్ఞ లేనిదే కుట్టడు కాబట్టి గూఢచార డిపార్ట్‌మెంట్‌లో అతణ్ణి చీమ అంటారు. ఇన్ఫార్మరైన ఆ గుమస్తా చేసిన నేరమల్లా విదేశీ ముఠా సర్వర్ పేరు తెచ్చివ్వడం. ఆ పేరుకి చిరునామా వెతికితే డిపార్ట్‌మెంట్ లుకప్ టూల్ 'లేదు' అంది. లేనిదాన్ని ఉందన్నవాడు ద్రోహేనని చీఫ్ తేల్చారు. ఇరవయ్యేళ్ల నాటి ఆ టూల్ మీద ఉన్న నమ్మకం ఆయనకి కట్టుకున్న భార్య మీద కూడా లేదు.

మర్నాడు పదకొండున్నరకి రెండో ఆజ్ఞ వచ్చింది.

"సెంటు కొట్టు సుందరి. ముఠాలో మన మనిషి. అదే సర్వర్ పేరు పంపింది. పన్నెండింటికి ఆ సర్వర్ వాటర్ ప్లాంట్‌లో క్లోరిన్ వాల్వులు తెరుస్తుందట. లోపలివాళ్లంతా పోతారట."

"టూల్ ఏమంది సార్?"

"లేదంది. కుట్టేసెయ్."

చీమ ఏసీ మెకానిక్ వేషంలో వెళ్లాడు. స్క్రూడ్రైవర్ పిడిలో ఒకే ఒక్క తూటా. సుందరి ఆ పిడిని చూడగానే గుర్తుపట్టింది గానీ కేక పెట్టలేదు.

"నా చెల్లెలు ఆ ప్లాంట్‌లోనే డ్యూటీలో ఉంది. సర్వర్ లేదని టూల్ అందనేగా వచ్చావ్? నన్ను తర్వాత చంపుదువుగాని, ముందు కనుక్కో. మీవాళ్లు ఏ చిరునామా రికార్డు అడిగారు?"

చీమ డిపార్ట్‌మెంట్ టెక్నీషియన్‌కి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

"టూల్‌ని ఏ రికార్డు అడిగావ్?"

"ఏ రికార్డే అన్నా."

"అదేరా, ఏ రికార్డు?"

"ఏ రికార్డే అంటుంటే!"

సుందరి అందుకుంది. "అతను చెప్పేది ఇంగ్లీషు 'ఏ'. అది పాతకాలం పొట్టి చిరునామా. ఈ సర్వర్‌కి కొత్తరకం పొడుగు చిరునామా ఒక్కటే ఉంది. అది కావాలంటే నాలుగు 'ఏ'లు అడగాలి. ఏ, ఏ, ఏ, ఏ."

చీమ స్క్రూడ్రైవర్ కిందపెట్టాడు. ఆ నాలుగూ అతను నిన్ననే విన్నాడు.

"మన టూల్‌కి ఒక్క 'ఏ' తప్ప రాదన్నా," అన్నాడు టెక్నీషియన్.

"దాన్ని తగలెయ్! కొత్త టూల్‌లో అడుగు."

పదకొండూ యాభై తొమ్మిది.

"దొరికిందన్నా! బారెడుంది."

"ప్లాంట్ ఫైర్‌వాల్‌లో బ్లాక్ చెయ్. ఇప్పుడే!"

ఇంకా రెండు సెకన్లుండగా ముఠా కనెక్షన్ తెగింది. వాల్వులు కదల్లేదు. కాసేపటికి సుందరి ఫోన్ మోగింది. "అక్కా, కూరలో ఉప్పెయ్యడం మర్చిపోయావ్," అంది చెల్లెలు. సుందరి ఫోన్ పట్టుకునే ఏడ్చింది. చీమ ఆమె మొహం చూడలేకపోయాడు.

సాయంత్రం చీఫ్ ముందు నిలబడ్డాడు.

"గుమస్తా నిజమే చెప్పాడు సార్. చివరిదాకా అదే చెప్పాడు. నేను నత్తి అనుకున్నాను."

చీఫ్ చాలాసేపు ఆలోచించారు. ఆ తర్వాత స్టెనోని పిలిచి సర్క్యులర్ టైపు చేయించారు: ఇకమీదట నత్తి ఉన్నవాళ్లను ఇన్ఫార్మర్లుగా తీసుకోరాదు.