తోడుగా ఒక్కరే

వల్లూరు చివర హనుమక్క ఇల్లు. ఇంటి వెనక ఒకప్పుడు శెనక్కాయ చేలుండేవి. ఇప్పుడు కనుచూపు మేరా సోలార్ పలకలే. వాటిని కడిగే పనికి కోడలు ఆశ ఎనిమిదో నెల దాకా పోయింది. కొడుకు యోగానంద ఆ సోలార్ పార్కు గేటు దగ్గర కాపలా పని చేస్తాడు.

ఆ సాయంత్రం యోగానంద డ్యూటీలో ఉండగానే ఆశకు నొప్పులు మొదలయ్యాయి.

"అత్తా, అంబులెన్సుకు ఫోన్ చెయ్యి."

"ఆసుపత్రికి పోతే కడుపు కోస్తారు. కోస్తే ఆర్నెల్లు వంగలేవు. అన్నాళ్లూ నీ పని నీకే పెట్టింటారా? నేను అయిదుగురిని ఈ ఇంట్లోనే కన్నా."

యోగానంద మొదటి పెండ్లాం నల్లమ్మకూ హనుమక్క ఇదే చెప్పింది. నాలుగేండ్ల కిందట నల్లమ్మ లోపలి గదిలో రెండు దినాలు నొప్పులు పడి, బిడ్డ బయటపడకుండానే చచ్చిపోయింది. దాని రాత అంతేనని ఊరందరికీ చెప్పి, ఏడాది తిరక్కముందే హనుమక్క ఆశను కోడలిగా తెచ్చుకుంది.

హనుమక్క ఆశ చేతిలోని ఫోను లాక్కుని, స్విచ్చాఫ్ చేసి రాగుల డబ్బాలో దాచింది. ఆమెను ఆ గదిలోనే పడుకోబెట్టి, నీళ్లు కాచడానికి పొయ్యి దగ్గరికి వచ్చింది.

పొద్దు కుంకింది. పలకల మీది ఎర్రటి వెలుగు ఆరిపోయింది. గాలి లేదు. ఇంటి నిండా పొగ, ఆముదం వాసన. వాటి మధ్యలో ఇంకేదో... పచ్చి నెత్తురు వాసన. ఇంకా ఉమ్మనీరే పోలేదు కదా, అనుకుంది హనుమక్క.

లోపల మూలుగు ఆగింది. గుసగుస వినిపించింది.

"చెయ్యి వదలొద్దు, అక్కా..."

హనుమక్క చేతిలో చెంబు అలాగే నిలిచిపోయింది.

"ఎవురితో మాట్లాడతాండావే?"

గది వైపు అడుగు వేయాలనుకుంది. అంతలో వాకిట్లో అంబులెన్సు వచ్చి ఆగింది.

"ఫోన్ చేసింది ఈ ఇంటినుంచేనా, అవ్వా?" డ్రైవర్ అడిగాడు. "ఎవురో ఆడమనిషి. నల్లమ్మ అని పేరు చెప్పినాది."

హనుమక్క రాగుల్లో చెయ్యి పెట్టి వెతికింది. ఫోను ఉంది. స్విచ్చాఫ్‌లోనే ఉంది.

ఆశను బండిలోకి ఎక్కించారు. హనుమక్క వెనకాలే పరుగెత్తింది. డ్రైవర్ అడ్డం నిలబడ్డాడు.

"తోడుగా ఒకరికే తావుండేది. ఆయమ్మ ముందే ఎక్కి కూర్చునింది."

హనుమక్క లోపలికి తొంగి చూసింది. ఆశ పక్కన ఎవరూ లేరు. ఆశ చెయ్యి మాత్రం గాల్లోకి లేచి ఉంది... ఎవరో గట్టిగా పట్టుకున్నట్టు. తలుపు మూసుకుంది.

ఇంట్లోకి వచ్చి ఫోను ఆన్ చేసి కూర్చుంది. రెండు గంటల తర్వాత, అంబులెన్సు వాళ్ల కబురుతో డ్యూటీనుంచే పోయిన యోగానంద పావగడ ఆసుపత్రినుంచి ఫోన్ చేశాడు.

"ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ బాగుండారు. కొయ్యనేలేదు."

తర్వాత గొంతు తగ్గించి, "నల్లమ్మను గూడా తెచ్చింటే..." అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

పొయ్యి చల్లారిపోయింది. హనుమక్క కదల్లేదు.

ఎవరూ లేని లోపలి గదిలో పసిబిడ్డ ఏడ్చింది. సన్నగా... అప్పుడే నేల మీద పడ్డ గొంతు. ఎవరో జోకొడుతున్నారు. ఏడుపు తగ్గింది.

హనుమక్క లేచి వీధి తలుపు వైపు పరుగెత్తింది.

గడియ పడింది.

బయటినుంచి.