గంజి వార్చని అన్నం

"రోడ్డు మీద చెప్పు జారిపోయినా మీ నాన్నగారికి తెలియలేదే! ఒంటి చెప్పుతో ఇంటికొచ్చారు. రేపు మిల్లులో ఆ బెల్టుల మధ్య తూలిపడితే మన గతేమిటే?" పొయ్యి ఊదుతూ అంది ఎలిజబెత్.

"పడరమ్మా. ముందు తిండి మారుద్దాం," అంది నిర్మల, దంపుడు బియ్యం ఒక్కసారే కడిగి ఎసట్లో పోస్తూ.

నిర్మల ఏలూరు ట్రైనింగు కాలేజీలో పంతులమ్మ. మరపట్టిన తెల్లబియ్యంలో తవుడుతో పాటే బలమూ పోతుందనీ, గంజి వార్చి పారబోస్తే మిగిలిందీ పోతుందనీ, ఆ బలం లేకే కాళ్ళు మొద్దుబారతాయనీ విద్యార్థినులకు వండి చూపిస్తుంది. ఆ శనివారం నలుగురు అమ్మాయిలను వెంటబెట్టుకుని తాడేపల్లిగూడెం వచ్చింది.

తండ్రి యాకోబు అక్కడి రైసుమిల్లులో మేస్త్రీ. దంపుడన్నంతో పెరిగి, తెల్లన్నం తినే స్థితికి ఎదిగిన మనిషి. వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"నా మిల్లు బియ్యం తిని చదువుకుని, దాంట్లో బలం లేదని పాఠాలు చెబుతున్నావా? ఇంటికొచ్చిన ఆడపిల్లలకి ఎర్రన్నమా? యాకోబు చితికిపోయాడనుకుంటారు!"

"ఒక్కటి చెప్పండి నాన్నగారూ. కాలి కింద నేల తెలుస్తోందా మీకు?"

యాకోబు మొహం తిప్పుకున్నాడు.

ఎలిజబెత్ ఓరగా మొగుడికేసి చూసింది. ఈయన అలిగి పస్తుంటే? పిల్లల ముందు విస్తరి విసిరికొడితే? ఎవరూ చూడకుండా ఇన్ని తెల్లబియ్యం వేరే గిన్నెలో ఉడికించి, ఎప్పటిలాగే గంజి వార్చేసింది.

ప్రార్థన అయింది. "మొదటి పది ముద్దలూ మాటల్లేకుండా, బాగా నమిలి, రుచి తెలుసుకుంటూ తినండి," అంది నిర్మల. అమ్మాయిలు తోటకూర పప్పు కలుపుకున్నారు. ఇంతలో తండ్రి విస్తట్లో తెల్లన్నం ఆమె కంటబడింది.

"అమ్మా! ఇదేమిటే?"

"తినరేమోనని భయమేసిందే," గొణిగింది ఎలిజబెత్.

"పది ముద్దలు కాలేదండీ, మీరే మాట్లాడేశారు!" అంది సరోజ అనే అమ్మాయి. పిల్లలంతా కిసుక్కుమన్నారు. యాకోబు నవ్వలేదు.

మళ్ళీ అందరూ మౌనంగా తింటున్నారు. యాకోబు మాత్రం ముద్ద కలపలేదు. మఠం వేసుకున్న కాలి అరికాల్లో ఎడమచేతి బొటనవేలి గోరు గుచ్చుకున్నాడు. ఇంకా గట్టిగా గుచ్చుకున్నాడు. ఎలిజబెత్ ఆ కాలికేసే చూస్తోంది. పిల్లల పది ముద్దలూ అయిపోయాయి.

యాకోబు తన విస్తరిని మెల్లగా పక్కకి జరిపాడు.

"తెలియట్లేదమ్మా," అన్నాడు కూతురితో. "నెల్లాళ్ళయింది. మీ అమ్మ హడలిపోతుందని చెప్పలేదు. ఏదీ, ఆ ఎర్రన్నం ఇటు పెట్టు."