ఈ బండి అటు పోదు

ఏ ఊళ్లోనైనా ఒక సిటీ బస్సు రూటు చూస్తే చాలు, ఆ ఊరి బుద్ధి తెలిసిపోతుంది. ఎవరింటి ముందు ఆగుతుందో, ఎవరిని చూసీ చూడనట్టు పోతుందో అంతా అందులోనే ఉంటుంది. డ్రైవరమ్మ ఈ మాట డిపో క్యాంటీన్‌లో రోజుకోసారైనా అనేది. డిపోలో ఆమెకు ‘మొండి’ అని పేరు. మొదట్లో చాటుగా అనేవాళ్లు, తర్వాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు. ఆమెకు అది నచ్చింది కూడా.

ఆమె నడిపే లైను చాలా పాతది. ఒకప్పుడు బజారు నుంచి ఏటి రేవు దాకా ఒకే ఒక్క బస్సు, కర్ర పెట్టి గీసినట్టు తిన్నగా తిరిగేది. రేవు దగ్గర పల్లంలో అద్దకం పనివాళ్ల ఇళ్లుండేవి. తర్వాత గుట్ట మీద కొత్త కాలనీ లేచింది. కాలనీ వాళ్లకి పలుకుబడి ఉంది, పల్లంలో వాళ్లకి లేదు. ఆఫీసులో ఎవరో కుర్చీలోంచి లేవకుండా మ్యాపు మీద గీత గీశారు. రోడ్డు చీలిన చోట ఎడమకి దిగే బస్సు ఇకనుంచి కుడికి తిరిగి గుట్ట ఎక్కుతుందన్నారు. ఆ సంగతి పల్లంలో వాళ్లకి చెప్పాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

కొత్త రూటు మొదలైన రోజే ఏరు పొంగింది. పల్లంలో జనం మూటాముల్లె సర్దుకుని, పిల్లాజెల్లాతో తమ స్టాపుకొచ్చి నిలబడ్డారు. సాయంత్రం బస్సు వస్తే ఎక్కి ఊళ్లోకి పోదామని వాళ్ల ఆశ. బస్సు వచ్చింది. దాని లైట్లు చీలిక దాకా వచ్చి కుడికి తిరిగిపోవడం వాళ్లు కళ్లారా చూశారు. ఇంకో బస్సు వస్తుందేమోనని అక్కడే ఉండిపోయారు. బస్సు కంటే ముందు నీళ్లు వచ్చాయి. ఇప్పుడక్కడ ఇళ్లూ లేవు, స్టాపూ లేదు. ఎడమ దారి కొంతదూరం దిగి, ఆ వరద మిగిల్చిపోయిన చెరువులోకి వెళ్లిపోతుంది.

అప్పట్నుంచీ ఆ లైను కండక్టర్లకి ఒక అలవాటు ఉంది. ఎవరూ రాసిపెట్టింది కాదు, ఒకరి నుంచి ఒకరికి వస్తోంది. చీలిక దగ్గర బస్సు నెమ్మదిస్తుంది. కండక్టరు వెనక డోరు తీసి, ఖాళీ రోడ్డు వైపు వంగి, “ఈ బండి అటు పోదు! ఎదురుచూడకండి!” అని గట్టిగా చెబుతాడు. ఎండైనా, వానైనా సరే. ఆ రోజు చెప్పని మాట రోజూ చెప్పడమన్నమాట. కొత్త ప్యాసింజర్లు నవ్వుకుంటారు. పాతవాళ్లు మాత్రం ఆ కాసేపూ కిటికీ వైపు చూడరు.

ఈ మధ్య ఆ బండికి కండక్టరుగా వచ్చినవాడు స్వయానా డ్రైవరమ్మ అల్లుడు. నోట్లో నాలుక లేని మనిషి. ఎవరైనా తన కాలు తొక్కితే తనే సారీ చెప్పే రకం. అత్తా అల్లుడూ ఒకే బండి మీద డ్యూటీ చేస్తుంటే డిపో వాళ్లకి కాలక్షేపానికి లోటేముంది? ఇంట్లో అల్లుడు అత్త మాట వినాలి, బండిలో అత్త అల్లుడి బెల్లు వినాలి, లెక్క సరిపోయిందిలే అనేవాళ్లు.

భర్త పోయాక బండి తోలి పెంచుకున్న ఒక్కగానొక్క కూతురు ఆమెకు. ఆ పిల్లకిప్పుడు నెలలు నిండుతున్నాయి. ఆ రోజు డ్యూటీకి బయల్దేరుతుంటే గుమ్మంలో నిలబడి, “అమ్మా, ఆయన మరీ మెతక. నువ్వే జాగ్రత్తగా ఇంటికి తీసుకురావాలి” అంది.

“మీ ఆయనేమన్నా పసిపిల్లాడా, చేయి పట్టుకుని తేవడానికి?” అని డ్రైవరమ్మ విసుక్కుంది. విసుక్కుంది గానీ, ఆ మాట మనసులో పెట్టుకుంది.

సాయంత్రం వాన పట్టుకుంది. వెలుతురుండాల్సిన వేళకే చీకటి పడింది. అద్దం మీద వైపర్ ఒకసారి తుడిస్తే రెండుసార్లు నీళ్లు కమ్ముకుంటున్నాయి. ఆస్పత్రి స్టాపులో చివరి ప్యాసింజర్లు కూడా దిగిపోయారు. ఖాళీ సీట్లు, పైన ఊగే చేతిపట్టీలు, ఎక్కడో రేకు మీద టపటపా చినుకులు. గుట్ట మీదకి పోయి తిరిగొస్తే డ్యూటీ అయిపోయినట్టే.

“అల్లుడుగారూ! చీలిక వస్తోంది. మన చుట్టాలకి ఆ ముక్క చెప్పేయండి” అని ముందు నుంచే కేకేసింది. దెయ్యాల మీద ఆమెకేమీ నమ్మకం లేదు. చెబితే పోయేదేముందని చెప్పిస్తుంది, అంతే.

వెనక డోరు తీసిన చప్పుడైంది. చలిగాలి లోపలికి కొట్టింది. రోజూ వినపడే కేక కోసం చూసింది. రాలేదు.

“అయ్యో... పిల్లలు తడిసిపోతున్నారు. ఎక్కండి, ఎక్కండి! అవ్వా, ఆగు, ఆ మూట నేనందుకుంటా...”

డ్రైవరమ్మ పక్కనున్న అద్దంలోకి చూసింది. వాన నీళ్లలో అంతా అలికినట్టుంది. అల్లుడు రోడ్డు మీదకి దిగాడు. అతని చుట్టూ మనుషులు. చాలామంది. గుట్ట కాలనీలో పనికి పోయేవాళ్లేమో, వానకి చిక్కుకున్నారేమో అనుకుంది. వెనకవైపు బండి కొద్దిగా కుంగింది. ఇంకొద్దిగా. మరికొద్దిగా. పండగ రద్దీలో కూడా ఆ బండి అంత కుంగలేదు.

రెండు బెల్లులు మోగాయి. పోనిమ్మని. అద్దంలో చూస్తే అల్లుడు వెనక డోరు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె గేరు వేసింది.

అప్పుడు వచ్చింది వాసన. నాచు వాసన. చాలాకాలం నీళ్లలో నానిన గుడ్డల వాసన. అంతమంది ఎక్కితే ఉండాల్సిన గోల లేదు. ఒక్క పిల్లయినా ఏడవడం లేదు. దగ్గు లేదు. మాట లేదు. నీళ్లు కారుతున్న చప్పుడు మాత్రం... సీట్ల మీంచి, కిందకి... చప్... చప్... చప్...

ఆమె స్టీరింగు కుడికి తిప్పింది. తిరగలేదు. బలమంతా పెట్టింది. బండి తనంతట తను ఎడమకి ఒరిగి పల్లంలోకి దిగడం మొదలుపెట్టింది.

బ్రేకు తొక్కింది. కాలు బురదలో దిగబడ్డట్టు పెడల్ మెత్తగా లోపలికి పోయింది. లైట్ల వెలుగులో దారి కనపడింది, ఆ తర్వాత దారి కనపడలేదు. నల్లటి నీళ్లు. ఆమె హ్యాండ్‌బ్రేకు రెండు చేతులా పట్టుకుని, సీట్లోంచి సగం లేచి గుంజింది. బండి కీచుమని అరిచి ఆగింది. ముందు చక్రాల కింద నీళ్లు గలగలమన్నాయి. ఇంజిను ఆగిపోయింది.

వెనక నుంచి అల్లుడి గొంతు, గుసగుసగా వినపడింది.

“అత్తయ్యా... ముందుకు పోనిమ్మంటున్నారు. ఇళ్లు అక్కడే ఉన్నాయట...”

“ఇళ్లు లేవని చెప్పండి.”

“చెప్పాను. అయితే మేమూ లేమా... అని అడుగుతున్నారు.”

డ్రైవరమ్మ భయపడింది, అందులో దాపరికమేమీ లేదు. కూతురి మొహం గుర్తొచ్చింది. ఆ మొహం గుర్తొచ్చేసరికి భయం మీద ఎక్కడలేని కోపం వచ్చింది. సీట్లోంచి లేచి, వెనక్కి తిరిగి నిలబడింది.

బండి నిండా జనం. సీటుకి ముగ్గురు, నలుగురు. మధ్యలో ఖాళీ లేకుండా నిలబడ్డవాళ్లు. ఒళ్లో మూటలు, మూటల మీద పిల్లలు. అందరి తలలూ వంగి ఉన్నాయి. జుట్టు మొహాల మీదకి అతుక్కుపోయి ఉంది. వాళ్లందరి వెనకాల, చివర్లో, అల్లుడు.

“వినండి!” అంది. గొంతు ఇంకా పెంచింది. “మీకు అన్యాయం జరిగింది. కాదని ఎవరన్నా అంటే వాళ్ల నోరు పడిపోవాలి. ఆ రోజు నేనుంటే ఎడమకే తిప్పేదాన్ని. కానీ ఈ బండిలో నా అల్లుడున్నాడు. వాడి బిడ్డ ఇంకా కళ్లయినా తెరవలేదు. వాణ్ని నీళ్లలోకి తీసుకుపొమ్మంటే ససేమిరా పోను. మీరెంతమంది లాగినా సరే, ఈ స్టీరింగు నాది.”

ఒక్క తలా లేవలేదు. చప్... చప్... చప్...

“అయినా మీ కోపం మామీదెందుకు? ఎటు పొమ్మంటే అటు పోయేవాళ్లం మేము. గీత గీసినవాళ్లు వేరే ఉన్నారు. మీరింతకాలం తప్పు స్టాపులో నిలబడ్డారు. వాళ్ల ఆఫీసు నాకు తెలుసు. ఇప్పుడే తీసుకుపోతా. అడగాల్సిందేదో అక్కడ అడగండి!”

నీళ్లు కారే చప్పుడు ఆగిపోయింది. తర్వాత అల్లుడి గుసగుస వినిపించింది.

“సరేనంటున్నారు.”

తాళం తిప్పగానే ఇంజిను పలికింది. రివర్స్ గేరు వేసింది. బండి వెనక్కి వచ్చేటప్పుడు కండక్టరు బాడీ మీద కొడుతూ దారి చెబుతాడు. అల్లుడు కొట్టాడు. “రానీ... రానీ...” అన్నాడు. ఆ గొంతుకి ఇంకో గొంతు కలిసింది, ఎవరో ముసలామెది. తర్వాత ఒక మగగొంతు. తర్వాత చిన్నపిల్లలు. చివరికి బండి మొత్తం ఒకే ఊపిరితో, మెల్లగా... “రానీ... రానీ... రానీ...” డ్రైవరమ్మ పళ్లు బిగబట్టి, మెడ తిప్పకుండా, పల్లం ఎక్కించేసింది.

ఆఫీసు ఊళ్లో ఉంది. ఏదో తనిఖీ ఉందని పైఅంతస్తులో లైట్లు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. గేటు దగ్గర వాచ్‌మన్ గొడుగేసుకుని అడ్డం వచ్చాడు.

“ఏమ్మా, బండి ఇక్కడికెందుకు తెచ్చావ్? ఇదేమన్నా స్టాపా?”

“ఇవాళ్టి నుంచి స్టాపే. ప్యాసింజర్లున్నారు” అంది డ్రైవరమ్మ, డోర్లు తెరుస్తూ.

“ఖాళీ బండిలో ప్యాసింజర్లేంటి...” అని నవ్వబోయాడు. బండి ఒక్కో అంగుళమే పైకి లేవడం చూశాడు. మెట్ల మీద తడి పాదాల గుర్తులు ఒకదాని తర్వాత ఒకటి పడుతూ పోవడం చూశాడు. గొడుగు వదిలేసి గేటుకి అతుక్కుపోయాడు.

“రూట్లు గీసేది పైన, ఎడమ చేతి గదిలో!” అని ఆమె వెనక నుంచి అరిచింది. “బెంచీలున్నాయి, కూర్చోండి! జవాబు చెప్పేదాకా లేవకండి!”

పైన ఒక గదిలో లైటు ఆరిపోయింది. ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు. ఆ తర్వాత వినపడిన కేక గురించి డ్రైవరమ్మకి పెద్దగా బాధ కలగలేదు. నిజం చెప్పాలంటే, చాలాకాలం తర్వాత ఆమెకు కడుపు నిండినట్టయింది.

బండిని డిపోలో పెట్టి ఇద్దరూ ఇంటికి నడిచారు. వాన సన్నబడింది. వీధి దీపాలు పోయాయి. అల్లుడు ఒక అడుగు వెనకగా వస్తున్నాడు.

“ఇంట్లో ఈ సంగతి ఎత్తకండి. పిల్ల హడలిపోతుంది.”

“ఎత్తను అత్తయ్యా.”

“రేపట్నుంచి ఆ జాలి కొంచెం తగ్గించి, గొంతు కొంచెం పెంచండి.”

“అలాగే అత్తయ్యా.”

ఎంత బుద్ధిమంతుడో అనుకుంది. బుద్ధిమంతుణ్ని క్షేమంగా తెచ్చి కూతురికి అప్పజెబుతున్నానని లోలోపల గర్వపడింది. తలుపు కొట్టింది.

తలుపు తీసిన కూతురి కళ్లు కోపంతో ఎర్రగా ఉన్నాయి.

“ఏంటమ్మా ఇది? మనిషిని వానలో, నడిరోడ్డు మీద వదిలేసి పోతావా?”

“ఎవర్నే?”

“ఇంకెవర్ని, ఆయన్ని! ఎవరో ముసలామె మూట ఎక్కిద్దామని దిగితే, తను బెల్లు కొట్టకుండానే బండి పోనిచ్చావట. వెనకాల పరిగెత్తారట, అరిచారట. ఎవరో లారీ వాళ్లు దయతలచి దింపారు. వణికిపోతుంటే దుప్పటి కప్పి పడుకోబెట్టాను... అమ్మా, నీ వెనకాల ఎవరు?”

లోపలి గదిలోంచి దగ్గు వినపడింది. తర్వాత నీరసంగా ఒక గొంతు. “ఎవరొచ్చారు?”

డ్రైవరమ్మ వెనక నుంచి, చెవికి బాగా దగ్గరగా... “అత్తయ్యా... లోపల ఎవరు?”

అతను వెలుతురులోకి ఒక అడుగు వేశాడు. కూతురు రెండు చేతులతో నోరు మూసుకుంది.

డ్రైవరమ్మ గుమ్మానికి అడ్డంగా చేతులు చాచింది. ఇటొక మొహం, అటొక గొంతు. అయినా చేతులు దించలేదు.

“ఎక్కడివాళ్లక్కడే ఉండండి! ఇది నా ఇల్లు. నాకు అల్లుడు ఒక్కడే. వాడెవడో నేనే తేలుస్తా.” ఊపిరి తీసుకుంది. “పెళ్లినాడు అందరూ భోజనాల దగ్గరుంటే, నీ చెవిలో ఒక మాట చెప్పాను. నా కూతురికి కూడా తెలియదు. ఏం చెప్పాను?”



“మా పిల్లని ఏడిపిస్తే బండి కింద తోసేస్తానన్నారు. అని, మీరే ఏడ్చేశారు.”

గదిలోంచీ, గుమ్మం బయట నుంచీ ఆ మాట ఒకేసారి వచ్చింది. ఒకే గొంతు. ఒక్క అక్షరం తేడా లేదు.

కూతురు కడుపు పట్టుకుని, మెల్లగా వెనక్కి, గది వైపు జరిగింది.

“అటు పోకు!” అని అరిచింది డ్రైవరమ్మ.

ఇటు రమ్మనడానికి మాత్రం ఆమెకు నోరు రాలేదు.