అయిదో సీసా నీలం

సోమవారం పొద్దున ఆరున్నరకు హఫీజ్‌పేట్ స్టేషన్‌లో లోకల్ రైలు కూత వేసేసరికి రాజయ్య అప్పటికే బాల్కనీ గదిలో తన బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ఎదురుగా జానెడు పొడవున్న రైలింజిన్. అమెరికా రైళ్ల నమూనా అది. కొడుకు మధుకర్ ఇలాంటివి పాతవీ విరిగినవీ ఆన్‌లైన్‌లో ఏరి ఏరి తెప్పిస్తాడు. వాటి మీది పాత రంగు ఊడదీసి కొత్తది వేయడం తండ్రి పని. "అక్కడి రైళ్ల సోకు మనకెందుకురా" అని మొదట్లో విసుక్కున్నది ఈ రాజయ్యే. తీరా ఈ ఇంజిన్ చేతికొచ్చిన రోజు ఆయన మొహం చూడాలి. రైల్వేలో ముప్పయ్యేళ్లు తాను నడిపిన డీజిల్ ఇంజిన్‌కు మూలం అమెరికా నమూనాయే. అదే పొడుగు ముక్కు, అవే పక్క మెట్లు. "ఇది నా బండికి పెద్దక్కరా" అని మురిసిపోయాడు.

ఆ అక్కకు ఇవాళ నీలం రంగు వేయాలి. వచ్చే ఆదివారం హైటెక్ సిటీలో మధుకర్ లాంటి రైలు పిచ్చివాళ్లంతా ఒకచోట చేరి తమ బండ్లు నడిపించుకుంటారట. ఆ పట్టాల మీద ఇది పరుగెత్తాలి.

రాజయ్య వేలితో రంగు సీసాల మూతలు తడుముతూ లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదోది నీలం, ఆరోది ఆకుపచ్చ. చూసి తీసుకోవచ్చు కదా అంటారేమో. చూస్తే రెండూ నల్లగానే కనపడుతున్నాయి మరి. ఆరు నెలలుగా ఆయన కళ్ల ముందు పాలమీగడ లాంటి పొర ఒకటి కదలకుండా కూర్చుంది. ఎండలోకి వెళ్తే అంతా తెల్లటి ముద్ద. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు, పెద్దాయన తెలియనివ్వలేదు.

కళ్ల పరీక్ష అంటే ఆయనకు చచ్చేంత భయం. రైలు నడిపేవాడికి ఉద్యోగం అంతా కళ్లలోనే ఉంటుంది. తోటి డ్రైవర్ స్వామి ఒకసారి పరీక్షలో రంగులు తప్పు చెప్పాడు. మర్నాటి నుంచి ఆయన్ని ఇంజిన్ ఎక్కనివ్వలేదు, స్టోర్స్‌లో నూనె గుడ్డలు లెక్కపెట్టే పనిలో వేశారు. ఆ తర్వాత స్వామి ఎవరి మొహంలోకీ సూటిగా చూసి మాట్లాడలేదు. అదొకటైతే, రాజయ్య తల్లి చంద్రమ్మ చివరి పదేళ్లు చూపు పోయి గోడలు తడుముకుంటూ బతికింది. ఆ జబ్బే తనకూ వచ్చిందని ఆయన ఖాయం చేసుకున్నాడు. డాక్టర్ నోట ఆ మాట వినే ధైర్యం లేక రోజులు నెట్టుకొస్తున్నాడు.

ఇంజిన్‌కు ఒక పూత పూర్తయ్యేసరికి మనవరాలు రసజ్ఞ స్కూలు బట్టలతో వచ్చి నిలబడింది. మూడో తరగతి.

"తాతా, నీ బల్ల చూశావా?"

"చూసిన బిడ్డా. మంచిగుంది."

"ఏం మంచిగుంది?"

"అంతా మంచిగనే ఉంది. నడువ్, స్కూలుకు టైమైతాంది."

పిల్ల మొహం చిన్నబోయింది. అదీ ఆయనకు కనపడలేదు.

కోడలు ప్రియదర్శిని లంచ్ బాక్సు, నీళ్ల సీసా పిల్ల చేతికిచ్చింది. గుడివాడ అమ్మాయి, కొండాపూర్‌లో ఒక కంపెనీలో పనిచేస్తుంది. "నెమ్మదిగా వెళ్లండి మామయ్యగారూ, ఆ రోడ్డు తవ్వి పోశారు" అంది.

"అరవై డబ్బాల గూడ్సు నడిపినోన్ని. స్కూటర్‌కు ఫికరెందుకు?"

ఆ స్కూటర్ మీద తాతా మనవరాళ్లకు ఒక ఆట ఉంది. రైలింజిన్‌లో ఇద్దరుంటారు. సిగ్నల్ కనపడగానే సహాయకుడు దాని రంగు పైకి చెప్పాలి, డ్రైవర్ అదే మాట తిరిగి చెప్పాలి. రైల్వేలో అది పద్ధతి. స్కూటర్ ముందు నిలబడి రసజ్ఞ "రెడ్ తాతా" అంటే, ఈయన "రెడ్" అంటాడు. అపార్ట్‌మెంట్‌లో అందరికీ అదొక ముచ్చట. ప్రియదర్శిని వీడియో తీసి వాళ్ల అమ్మకు కూడా పంపింది. ఆరు నెలలుగా పెద్దాయన ఆ పిల్ల కళ్లతోనే బండి నడుపుతున్నాడని ఎవరికి తడుతుంది?

కొండాపూర్ సిగ్నల్ దగ్గర ఎదురెండ. పైన మూడు దీపాలూ కలిసిపోయి ఒకటే మెరుపు.

"ఏం రంగు బిడ్డా?"

జవాబు లేదు.

"రసజ్ఞా, ఏం రంగంటున్న."

పిల్ల పెదవులు బిగించింది. వెనక కారువాడు హారన్ మీద చెయ్యి తీయడం లేదు. పక్కన ఉన్న బైకు సర్రున దూసుకుపోయింది. అది వెళ్లిందంటే ఆకుపచ్చ పడ్డట్టేనని రాజయ్య కూడా బండి కదిలించాడు.

కుడి పక్క నుంచి నీళ్ల ట్యాంకర్ వచ్చింది. బ్రేకుల అరుపు, రబ్బరు కాలిన వాసన. స్కూటర్‌కు మూరెడు దూరంలో ఆగింది. రసజ్ఞ చేతిలోంచి జారిన నీళ్ల సీసా అప్పటికే దాని చక్రం కింద పటపటమని నలిగింది. రాజయ్యకు పైప్రాణాలు పైనే పోయాయి.

"కండ్లు కనిపిస్తలేవా పెద్దమనిషీ? చిన్న పోరిని ఏసుకొని గిట్లనా నడిపేది?" అని అరిచాడు ట్యాంకర్ డ్రైవర్.

స్కూలు గేటు దగ్గర రాజయ్య అనకూడని మాట ఒకటి అన్నాడు. "అమ్మకు చెప్పకు బిడ్డా. పరేషాన్ అయితది." పిల్ల తలూపి లోపలికి పోయింది. ఆయన స్కూటర్‌ను చేత్తో తోసుకుంటూ ఇంటికొచ్చాడు. కోడలు వండి పెట్టిన అన్నం ముట్టలేదు. సాయంత్రం పిల్లను దింపే స్కూలు వ్యాన్ వచ్చి ఆగిన చప్పుడుకు కూడా ఉలిక్కిపడ్డాడు.

ఏడింటికి మధుకర్ వచ్చి, బ్యాగయినా దించకుండా ఇంజిన్ చేతిలోకి తీసుకున్నాడు.

"బాపూ, నీలం అనుకున్నం గదా. ఆకుపచ్చ ఎందుకేసినవ్?"

రాజయ్య మనసులోనే మళ్లీ లెక్కపెట్టుకున్నాడు. లెక్క తప్పలేదే, అయిదోదే కదా తీసింది. "గది గూడ మంచిగుంటదని ఏసిన" అని నవ్వబోయాడు.

"ఈ అమెరికా రైలు కంపెనీకి ఆకుపచ్చ బండే లేదు. రంగు జర తేడా వస్తేనే ఊకోనోడివి, ఏమైంది నీకు?"

ప్రియదర్శిని వంటింటి గుమ్మంలోంచి ఇద్దరినీ చూస్తోంది. పొద్దున్నుంచి మామగారు తినలేదు, పిల్ల పలకడం లేదు. ఆమె మనసు కీడు శంకించింది. "రసజ్ఞా, నీ వాటర్ బాటిల్ ఏదమ్మా?"

పిల్ల తాత వైపు చూసింది. ఆ చూపు చూసి ప్రియదర్శిని పిల్ల దగ్గరికి వచ్చింది.

"ఏమైంది? చెప్పు."

"నేను చెప్పలేదమ్మా" అంటూ పిల్ల భోరుమంది. "రెడ్ అని చెప్పలేదు. అందుకే ట్యాంకర్ వచ్చేసింది. నాదే తప్పు. నిన్న తాత సీసాలన్నీ తుడిచి, తెల్లది ముందు పెట్టి, మిగతావి ఇంద్రధనుస్సు లాగా సర్దాను. తాత చూడనే లేదు. అందుకని అలిగాను."

అయిదో సీసా ఆకుపచ్చ ఎలా అయిందో రాజయ్యకు అప్పుడర్థమైంది. ప్రియదర్శిని వెళ్లి రెండు సీసాలు తెచ్చి మామగారి ముందు పట్టుకుంది.

"వీటిల్లో నీలం ఏదండి?"

రాజయ్య ఎడమదాన్ని చూశాడు, కుడిదాన్ని చూశాడు. ముప్పయ్యేళ్లు ప్రతి కళ్ల పరీక్ష గది బయటా ఆయన్ని వణికించిన ఘడియ చివరికి సొంత ఇంట్లో ఎదురైంది.

"చెప్పలేను బిడ్డా."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఆరు నెలలు."

ఆమె అక్కడే నేల మీద కూలబడింది. "ఆరు నెలలు నా పిల్లని అలా తిప్పారా మామయ్యగారూ? రోజూ టాటా చెప్పి నేనే పంపించానండి. నేనే."

"నాకన్న చెప్పొద్దా బాపూ?" అన్నాడు మధుకర్.

"చెప్తే దింపేస్తరనుకున్నరా. స్వామిని దింపినట్టు. బండి లేకపాయె, కుంచె లేకపాయె, ఇగ నేనెందుకు ఈ ఇంట్ల? అమ్మ లెక్క గోడలు పట్టుకొని తిరిగితే మీకెంత బరువు?" ఇంకా ఏదో అనబోయి ఆగిపోయాడు. తల్లి చున్నీ వెనక నుంచి రసజ్ఞ చిన్న గొంతుతో అంటోంది: "సారీ తాతా. రేపటి నుంచి చెప్తాను."

ఆ మాట ఆయన గుండెలో దిగబడింది. పొద్దున్నుంచీ తన పరువు, తన చూపు, తన భయం తప్ప ఇంకొకటి తలచుకోలేదు. ఈ పసిది తన వల్లే తాత చచ్చిపోయేవాడని రోజంతా లోపల్లోపల కుమిలిపోయింది. రాజయ్య మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"నువ్వు సారీ చెప్పుడేంది బిడ్డా. సిగ్నల్ చూసుడు డ్రైవర్ పని. ఎనిమిదేండ్ల పిల్ల మీద నా డ్యూటీ ఏసిన. ఆట అని అబద్ధం చెప్పిన. అమ్మకు చెప్పొద్దని నీ నోరు గూడ కట్టేసిన. తప్పంత నాదే."

పిల్లను పొదువుకుని ఏడ్చాడు. తర్వాత జేబులోంచి స్కూటర్ తాళం తీసి, అడగకుండానే కోడలి చేతిలో పెట్టాడు.

ప్రియదర్శిని ఆ తాళం వైపు చాలాసేపు చూసింది. "నాకింకా కోపం తగ్గలేదండి. భయమూ తగ్గలేదు. రేపు సెలవు పెట్టి నేనే మిమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్తాను. ఇప్పుడు లేచి అన్నం తినండి."

మర్నాడు కళ్ల ఆసుపత్రిలో పేరు పిలిచేసరికి రాజయ్య కోడలి చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు. డాక్టర్ మందు చుక్కలు వేసి, దీపం వేసి, అటూ ఇటూ చూసి తేల్చింది. రెండు కళ్లలోనూ శుక్లాలు. నరం బాగానే ఉంది, ఆపరేషన్ చేస్తే చూపు వస్తుంది.

"మా అమ్మకు గిట్లనే ఉండె మేడమ్. చూపు మొత్తమే పోయింది."

"ఆవిడవీ శుక్లాలేనేమో. ఎవరికైనా చూపించారా?"

రాజయ్య తల అడ్డంగా ఊపాడు. చూపించలేదు. తల్లి భయపడింది, ఇంట్లోవాళ్లు వదిలేశారు. ఆ వదిలేసినవాళ్లలో తానూ ఉన్నాడు. బయటికొచ్చి వరండాలో బెంచీ మీద కూర్చుని తల్లిని తలచుకుని ఏడ్చాడు. ప్రియదర్శిని టీ తెచ్చి పక్కన పెట్టి, ఏమీ అడగకుండా కూర్చుంది.

తిరుగుదారిలో స్కూలు దగ్గర రసజ్ఞను ఎక్కించుకున్నారు. ప్రియదర్శిని బండి నడుపుతోంది, మధ్యన పిల్ల, వెనక రాజయ్య. మందు చుక్కల వల్ల నిన్నటి కంటే ఘోరంగా ఉంది, ప్రపంచమంతా ఒక వెలుతురు ముద్ద. కొండాపూర్ సిగ్నల్ దగ్గర బండి ఆగింది. పక్కనే ఏదో పెద్ద వాహనం గుర్రుమంటోంది. రాజయ్య వెనక కడ్డీని గట్టిగా పట్టుకున్నాడు. తన ఛాతీకి ఆనుకున్న చిన్న వీపు కూడా బిగుసుకుపోయింది.

"రెడ్ మామయ్యగారూ" అంది ప్రియదర్శిని తల తిప్పకుండానే.

ఆయన నడుము నిటారు చేసుకున్నాడు.

"రెడ్" అన్నాడు.

పిల్ల పలకలేదు. రాజయ్య వంగి ఆమె చెవిలో, "నువ్వు చెప్పకున్నా ఏం గాదు బిడ్డా. అమ్మ చూస్తాంది" అన్నాడు. బిగుసుకున్న వీపు మెల్లగా సడలింది. చుట్టూ బండ్లు ఒక్కొక్కటే ఇంజిన్లు ఆన్ చేసుకుంటున్నాయి.

"గ్రీన్ తాతా" అంది రసజ్ఞ.

ప్రియదర్శిని తలెత్తి తన కళ్లతో తాను చూసుకుంది. "గ్రీన్" అంది. ఆ వెనకే రాజయ్య కూడా "గ్రీన్" అన్నాడు. బండి కదిలింది.