పలకలడిగిన మైసమ్మ

"పంతులూ, నీ సైన్సు వినలేక మా మేకలు గుడ నిద్రవోయినయి!"

గుమ్మంలో నిలబడి నవ్వింది జంగమ్మ. లోపల ఆమె తండ్రి దుర్గయ్యకు చదువు ప్రయోజనాలు వివరిస్తున్న భిక్షపతి చెవులు ఎర్రబడ్డాయి.

నవ్వే సమయం కాదది. మక్తల్ దగ్గరి ఆ పల్లెలో బడి పెట్టి ఆర్నెల్లయినా హాజరు పట్టీలో ఉన్నవి తొమ్మిది పేర్లు. ఆడపిల్ల ఒక్కతీ లేదు. శ్రావణంలోగా ఇరవైమంది చేరకుంటే బడి ఎత్తివేస్తామని పాలమూరు నుంచి కాగితం వచ్చింది. పిల్లలు మేకల వెంట పోతేగాని పూట గడవని ఇళ్లవి.

"పదిరోజులే ఉన్నయి" అన్నాడు భిక్షపతి దిగులుగా.

"ఫికర్ చెయ్యకు. నేను సూసుకుంట" అంది జంగమ్మ.

బోనాలనాడు ఆమె చూసుకున్న తీరుకు అతని గుండె ఆగినంత పనైంది. జుట్టు విరబోసుకుని, చేత వేపమండ పట్టి, మైసమ్మ పూనినట్టు ఊరందరి నడుమ శిగమూగుతోంది!

"నా పలకలేవిరా? నా బలపాలేవిరా? ఆడపిల్లల్ని బడికి తోలకుంటే వానలు పడనియ్య!"

జనం చేతులు జోడించారు. దేవత మాత్రం ఒక కన్ను తెరిచి భిక్షపతిని చూసి, గబుక్కున మూసుకుంది.

తెల్లవారేసరికి బడిలో ఇరవైముగ్గురు.

"ఇదేం పని?" అన్నాడతను, కోపమూ నవ్వూ కలగలిసి. "అబద్ధం మీద బడి నడపను. ఊరికి నిజం చెప్తా."

జంగమ్మ ముఖం వాడిపోయింది. "చెప్తె పిల్లలందర్ని మళ్ల మేకలకు తోలుతరు. జర ఆగు!"

అతడు ఆగలేదు. చిన్నకూతురి చెయ్యి పట్టుకుని అప్పుడే వచ్చిన దుర్గయ్యకు ఎదురెళ్లాడు.

"పెద్దయ్యా, నిన్న పలికింది మైసమ్మ కాదు."

దుర్గయ్య కళ్లు చిట్లించాడు. "మాకు తెల్వదా? నలభై ఏండ్లసంది సూస్తున్న. మైసమ్మ కోడినడుగుతది, కల్లునడుగుతది. పలకలెన్నడన్న అడిగిందా?"

ఏదీ పరీక్షించనిదే నమ్మరాదని ఊరికి బోధించేది భిక్షపతే. ఆ పరీక్ష ఊరు ఎప్పుడో ముగించింది.

"మరి పిల్లల్నెందుకు పంపిండ్రు?"

"పిల్ల సిగ్గిడిసి గంతమందిల ఊగిందంటే అండ్ల ఏదో మంచి ఉంటదనుకున్నం. మేకల్ని పెద్దోళ్లమే వంతులేసుకొని కాస్తం." అంతలో జంగమ్మవైపు తిరిగాడు. "అవునుగని బిడ్డా, గీ ఊగుడంత బడి కోసమేనా?"

జంగమ్మ కాలి బొటనవేలితో నేలమీద గీతలు మొదలుపెట్టింది.

"నాకూ అదే అనుమానం" అన్నాడు భిక్షపతి మెల్లగా. "కానీ రుజువు లేదు."

ఆమె తలెత్తి కస్సుమంది. "దేవత కన్ను దెరిచి నిన్నొక్కన్నే ఎందుకు సూసింది? గింతకంటె రుజువేం గావాలె?"

దుర్గయ్య పకపకా నవ్వాడు. "ఇగ నేను పోయి ముహూర్తం అడుగుత."

"ముహూర్తాలకు శాస్త్రీయమైన ఆధారం లేదు మామా..."

"జర ఊకో పంతులూ. బడి నీది, పెండ్లి మాది!"